అందరి తప్పులూ బయటపడిన రోజు

మొన్న సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు అన్నం తింటూ ఫోను చూసుకుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. ఏమిరా అంటే, బిల్డు తప్పిందత్తా, నాకొక్కడికే మెసేజి వచ్చింది అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నా మనసు హిందూపురంలోని మా పాత ఆఫీసుకు పరిగెత్తింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరు కంపెనీ ఒకటి మా ఊళ్ళో ఒక మేడ మీద చిన్న శాఖ పెట్టింది. మేం తలా కొంత రాసిన ప్రోగ్రాములన్నిటినీ రాత్రిపూట కంప్యూటరే ఒక్కటిగా కలిపేది. దాన్నే బిల్డు అనేవాళ్ళం, దాని బాగోగులు నా పని. ఎక్కడ మొదటి తప్పు తగిలితే అక్కడే మొండికేసి ఆగిపోయేది మహాతల్లి! తెల్లారి ఆ ఒక్కరి పేరే మాకూ, బెంగళూరుకూ వెళ్ళేది. పేరు వచ్చినవాళ్ళు అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించాలని మాలో మాకొక ఆచారం.

పెనుకొండ నుంచి రైల్లో వచ్చే సైకిలు షాపు సాయిబుగారి కూతురు మాలో అందరికన్నా చిన్నది. ఇంట్లో అందరితో పోట్లాడి మరీ ఈ ఉద్యోగానికి వచ్చింది, ఆ నెలాఖరుకు అది ఖాయం కావాలి. కర్మ కాలి కంప్యూటరు మొదట ముట్టుకునేది ఆ పిల్ల భాగాన్నే. ఒకటి దిద్దితే మర్నాడు ఇంకొకటి దొరికేది, రోజూ ఆ పేరే. మిగతావాళ్ళ దాకా బిల్డు వెళితే కదా వాళ్ళ బండారం తెలిసేది! ఉగ్గాని తింటూ వాళ్ళు నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

తప్పు దొరికినా ఆగకుండా చివరిదాకా పోయి, అన్నీ ఒకేసారి చెప్పేలా మారుస్తానన్నాను. ఒకరి తప్పు వల్ల ఆగిపోయిన వాటిని తప్పుల్లో కలపకుండా విడిగా చూపిస్తానని కూడా చెప్పాను. ధర్మవరం నుంచి వచ్చే, మాతోపాటు తానూ ప్రోగ్రాములు రాసే మా పెద్దసారు అదిరిపడ్డారు. “అన్నీ బెంగళూరోళ్ళు చూస్తే మన ఆఫీసు పరువు పోతాదమ్మా!”

“ఆ పిల్ల పరువు పోతే పరవాలేదా సార్?” అనేశాను. ఆయన సరేనన్నారు.

మర్నాడు పొద్దున చూద్దుము కదా, తప్పుల చిట్టాలో ఆఫీసువాళ్ళందరి పేర్లూ వరసగా! అందరికన్నా ఎక్కువసార్లు ఉన్నది పెద్దసారు పేరు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, “ఏమప్పా, నాదే ఎక్కువుండాదే!” అని పగలబడి నవ్వి, తానే ఉగ్గానికి మనిషిని పంపారు. బెంగళూరువాళ్ళు కోప్పడకపోగా, ఇకమీదట ఇలాగే పంపమన్నారు. నెలాఖరుకు ఆ పిల్ల ఉద్యోగం ఖాయమైంది.

ఆ పొద్దున తన పేరు ఆ వరసలో ఉన్నా, ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. “తప్పు నా ఒక్కదాందే కాదక్కా!”

ఇప్పుడు ఎవరి తప్పు వాళ్ళకే గుట్టుగా తెలుస్తుంది, నలుగురిలో నవ్వులపాలయ్యే బాధ లేదు, మంచిదే. కానీ పక్కవాళ్ళూ తప్పారని తెలిసినప్పుడు గుండెకు వచ్చే ఆ ధైర్యం ఈ పిల్లలకు ఎవరిస్తారో నాకు తెలియడం లేదు.