ఎప్పుడు పోతావని అడిగిన ఊరు

మా బావను ఈ ఊరివాళ్లు మీరంతా ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. పదిహేడేళ్ల పాటు సెలవు మీద వచ్చిన ప్రతిసారీ అడిగారు. సైన్యం వదిలి శాశ్వతంగా వచ్చేశాక కూడా అడిగారు: "ఎప్పుడప్పా తిరిగి పోయేది?" ఇక అడగక్కర్లేదు. మొన్న మంగళవారం పొద్దున మన బేరిగై బస్టాపు బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. కారణం ఎవరంటే నేను మీ పేరు చెబుతాను. నా పేరూ చెప్పాలి, అది తర్వాత.

ఆయన మా అక్క భర్త. సైన్యంలో కంచరగాడిదలు తోలేవాడు. నవ్వకండి. దారి లేని కొండ మీద కాపలా ఉన్నవాడికి బియ్యం, కిరోసిన్, మందుగుండు చేరేది వాటి వీపు మీదే. రెండు వైపులా బరువు సమంగా కట్టడం మా బావ విద్య. "వీపు చూడకుండా బరువెత్తరాదప్పా" అనేవాడు. "ఎక్కేటప్పుడు ఎవుడూ పడడు, దిగేటప్పుడే జారేది" అనేవాడు. ఈ రెండో మాట గాడిదల గురించే అనుకున్నాను, ఆయన దగ్గర్నుంచి ఆ ఫోను వచ్చేదాకా.

పదిహేడో ఏడు ముగుస్తోంది. ఇంకో రెండేళ్లు ఉంటానని సంతకం పెట్టాలి, లేదా వద్దని రాసివ్వాలి. శనివారం గడువు.

"ఏం చేసేదప్పా? ఈడ నాకు పని తెలుసు. ఆడ నాకేముండాది?"

"ఇంకెన్నేండ్లు సెల్యూట్ కొడతావు బావా? వచ్చెయ్యి. హోసూరులో ఇన్ని ఫ్యాక్టరీలుండాయి, నీకు పనికి కొదవా?"

"నువ్వు రాసేవాడివి. తెలిసే చెప్తా ఉండావు కదా?"

"తెలిసే చెప్తా ఉండాను."

నాకేమీ తెలియదు. యుద్ధం మీద వ్యాసాలు రాశాను, శాంతి మీద రాశాను. యూనిఫాం విప్పిన మనిషి మర్నాడు పొద్దున ఏడింటికి ఎక్కడికి పోవాలో ఒక్క వాక్యం రాయలేదు. నా మాట నమ్మి ఆయన వద్దని రాసిచ్చాడు.

వచ్చిన నెలకు కృష్ణగిరి దారిలో ఒక ప్రైవేటు డెయిరీకి పని అడగడానికి పోయాడు. జంతువుల పని కదా అని ఆశ. అక్కడి మేనేజరు, సైన్యం రాసిచ్చిన డిశ్చార్జి బుక్కు తిరగేశాడట.

"ఇందులో ఆవు అని యాడుండాది?"

"ఆవు లేదు సార్, కంచరగాడిద ఉండాది."

"గాడిదలు మాకు ఇప్పటికే చాలామంది ఉండారులేప్పా."

ఇది ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. అక్క నవ్వలేదు.

ఆఖరికి మత్తిగిరిలో ఒక శెట్టిగారి గోడౌను ముందు కాపలావాడి ప్లాస్టిక్ కుర్చీ దొరికింది. ఆగస్టు పదిహేనున ఆయన చేతే జెండా ఎగరేయించి, శాలువా కప్పి, ఫోటో తీసుకున్నారు. మర్నాడు గేటు తీయడం రెండు నిమిషాలు ఆలస్యమైతే, "ఏమప్పా మిలట్రీ, నిద్రా?" అన్నారు. ఎనిమిదేళ్లు అదే కుర్చీ.

పెన్షన్ వస్తుంది కదా అంటారు మీరు. వచ్చేది. మనిషికి తన చేతి పని కూడా కావాలండీ. టమోటా కాలంలో సెలవు పెట్టి మరీ బేరిగైలో టెంపోలకు క్రేట్లు ఎత్తడానికి పోయేవాడు. ఒక్కో క్రేటు దించి, ఇటుది అటు మార్చి, బండి కింద వంగి చూసేవాడు. డ్రైవర్లు ఎగతాళి చేసేవారు: "మామా, ఇది టెంపో, నీ గాడిద కాదు!" "దానికీ వీపుంటాదిరా" అనేవాడు. ఆయన ముఖంలో వెలుగు నేను చూసింది అక్కడే.

పోయిన ఏడాది ఒకసారి అడిగాడు: "ఆ రెండేండ్లకు సంతకం పెట్టింటే ఏదన్నా నేర్చుకొని వచ్చిందునేమో కదప్పా?" తప్పు నాదే బావా అని అనలేదు. ఇప్పుడు అంటున్నాను, వినేవాడు లేడు.

మంగళవారం పొద్దున డ్యూటీకి బయల్దేరాడు. బూట్లకు పాలిష్, భుజాన సంచి. బస్టాపు దగ్గర టీకొట్టు ఆమె అలవాటుగా అడిగిందట, ఎప్పుడప్పా పోయేదని. "ఈ పొద్దేమ్మా" అన్నాడట. రోజూ అనే మాటే.

మూడో రోజు కార్యానికి సరుకులు తెస్తూ అక్క దారిలో ఆగింది. రెండు చేతుల్లో రెండు సంచులు. కింద పెట్టి, ఒక దాంట్లోంచి కొబ్బరికాయ తీసి రెండో దాంట్లో వేసింది. రెండూ ఎత్తి చూసుకుంది. ఇంకో కాయ మార్చింది. అప్పుడు నడిచింది.

ఈ కోరికలు నెరవేరతాయన్న ఆశ నాకు లేదు. అయినా సైన్యాన్నీ, పనిచ్చేవాళ్లనూ, మిమ్మల్నీ అడుగుతున్నాను:

ఉండాలా, రావాలా అన్న సంతకానికి ఏడాది ముందే, బయటి పనులు తెలిసిన మనిషిని జవాను పక్కన కూర్చోబెట్టండి.

జీతం ఇస్తూనే, తన ఊళ్లో పనికొచ్చే విద్య ఒకటి నేర్పి పంపండి.

ఆయన ఏ పని చేశాడో మేనేజరుకు అర్థమయ్యేలా కాగితం మీద రాసివ్వండి.

శాలువా వద్దు. గేటు లోపల పనివ్వండి.

తెలియకపోతే, నాలాగా సలహా చెప్పకండి.

ఊరికొచ్చిన జవానును ఎప్పుడు పోతావని అడగకండి. కూర్చోమనండి.