మా ఆయన అప్పీలు

సంతలో ఎవరైనా తన కాలు తొక్కితే, తొక్కినవాడికంటే ముందు మా ఆయనే "తప్పయిపోయిందండి" అంటారు. పెళ్ళైన కొత్తలో అది చూసి ముచ్చటపడ్డాను. పోనుపోను ఒళ్ళు మండేది. ఆయన బస్సు డ్రైవరు. డిపోలోనూ అదే పద్ధతి అనేవారు. బండి ఆలస్యమైనా, అద్దం పగిలినా, పొరపాటు ఎవరిదైనా సరే, మేనేజరు గదిలోకెళ్ళి చేతులు కట్టుకుని ఆ మాట అనేస్తే నాలుగు తిట్లు తిట్టి పొమ్మనేవారట. అసలేం జరిగిందని అడిగేవాళ్ళూ లేరు, చెప్పేవాళ్ళూ లేరు. అందరికీ అలాగే జరిగిపోయేది.

తొంభైల చివర్లో డిపో గేటు దగ్గర మిషను పెట్టారు. బండి తీసేముందు డ్రైవరు అందులో ఊదాలి. తాగి ఉంటే పట్టేస్తుంది. మంచి పనే చేశారన్నాను నేను. మా ఆయనది యానాం రేవు రూటు. యానాంలో బ్రాందీ చవక కాబట్టి ఆ రూటు డ్రైవర్లంటే ఊళ్ళో అందరికీ అనుమానమే. ఈయనేమో కల్లు వాసనకే మొహం తిప్పుకునే మనిషి.

ఆ చలికాలం ఆయన్ని దగ్గు పట్టుకుంది. ఆయుర్వేదం డాక్టరుగారు ఒక అరిష్టం సీసా ఇచ్చారు. అది పులియబెట్టి చేస్తారని, అందులో కాస్తో కూస్తో సారా గుణం ఉంటుందని మాకేం తెలుసు? మొదటి బండి డ్యూటీకి వెళ్తూ, గొంతు గరగరమంటోందని గుమ్మంలోనే గుక్కెడు తాగి వెళ్ళారు. మా ఇల్లు డిపో వెనక వీధిలోనే. మిషను పట్టేసింది. అరిష్టం సంగతి చెబితే మేనేజరుగారు నవ్వారట. సస్పెండు చేశారు, విచారణ అన్నారు, ఆఖరికి ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇక మిగిలింది రాజమండ్రిలో పై ఆఫీసరు దగ్గర అప్పీలు ఒక్కటే. మా ఆయనతో పనిచేసిన పెద్ద కండక్టరుగారు మాకు ధైర్యం చెప్పారు. సీసా ఉంది, డాక్టరుగారి చీటీ ఉంది, డిపోవాళ్ళు రక్తపరీక్ష చేయించనే లేదు, తాగలేదని గట్టిగా నిలబడితే ఉద్యోగం తిరిగొస్తుందన్నారు. నాకు ఆయన నిలబడడం మీదే బెంగ. అందుకే వెంట వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా చెప్పిందే చెప్పించాను. రావులపాలెం వంతెన దాటేసరికి తడబడకుండా అప్పజెప్పారు.

ఆఫీసరుగారు నన్ను వరండాలో కూర్చోమన్నారు. తలుపు తీసే ఉంది. ఆయన కసురుకునే మనిషైనా బాగుండేది, మా ఆయనకి కొంచెం పౌరుషం వచ్చేదేమో. పెద్దమనిషి, నెమ్మదిగా అడిగారు.

"ఏంటయ్యా, ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని ఇలా చేశావేంటి?"

మా ఆయన చేతులు కట్టుకున్నారు. వెనకనుంచి ఆ భుజాలు వంగడం చూశాను.

"తప్పయిపోయిందండి. పిల్లలున్నవాణ్ణండి. ఈసారికి వదిలెయ్యండి."

పక్కన కూర్చున్న గుమాస్తా ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. నేను సీసా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆయన తాగలేదండి, దగ్గుకి అరిష్టం వేసుకున్నారండి అన్నాను. నా గొంతు ఆ గదికి మరీ పెద్దదైపోయింది. ఆఫీసరుగారు విసుక్కోలేదు.

"ఆయనే ఒప్పుకున్నారు కదమ్మా," అన్నారు.

గుమాస్తా కాగితం జరిపితే మా ఆయన సంతకం పెట్టారు. బయటికొచ్చాక, ఆఫీసరుగారు మంచివారనీ, మెత్తబడ్డారనీ, వదిలేస్తారనీ నాకే ధైర్యం చెప్పారు. గోదావరి గట్టు దాకా నేను ఆయనకంటే నాలుగడుగులు ముందే నడిచాను.

అప్పీలు కొట్టేశారు. తప్పు తానే ఒప్పుకున్నాడు కనుక అరిష్టం మాట పరిశీలించనక్కర్లేదన్నారు. కోర్టుకెళ్దామని మళ్ళీ రాజమండ్రి వెళ్ళి ఒక వకీలుగార్ని కలిశాం. ఆయన కాగితాలన్నీ చదివి, డిపో మేనేజరు మీద గెలవొచ్చుగానీ మీ ఆయన మీద గెలవలేనమ్మా అన్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు, అదే నాకు వింతగా అనిపించింది.

తణుకులో ఒక లారీ యజమాని దగ్గర ఖాళీ ఉందంటే వెళ్ళారు. తాగి ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి బండి ఇవ్వనన్నాడట అతను. మా వీధిలో పాలుపోసే ఆవిడ నన్ను జాలిగా చూసి, మా ఇంట్లోనూ ఇదే గోలండి అంది. నేనేం చెప్పను? చెప్పాల్సినచోట చెప్పాల్సిన మనిషి చెప్పలేదు.

మా అత్తగారు మొగల్తూరులో ఉండేవారు. కబురు దాచాలనుకున్నాం గానీ ఎవరో మోసేశారు. చూడ్డానికి వెళ్తే, ఆవిడ ముందు కొడుక్కి అన్నం పెట్టింది. తిడుతుందేమోనని నేను భయపడ్డాను. తిట్టలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"పోనీలే నాన్నా. పోయిందేదో పోయింది. ఇకనైనా ఆ తాగుడు మానెయ్యి."

చెప్తారని చూశాను. కన్నతల్లి దగ్గరైనా చెప్తారని చూశాను. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"అలాగేనమ్మా. మానేస్తాను," అన్నారు.