వదిన ఏం చెప్పిందో నాకు తెలియదు

నా మనుమరాలు క్లినికల్ అండ్ కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. రెండో తరగతి దాటని నాకు ఈ పేరుకు నోరు తిరగడానికి చాలా రోజులు పట్టింది. తిరిగాక మాత్రం ఎవరు అడిగినా పూర్తిగానే చెబుతున్నాను. ‘పిచ్చోళ్ల చదువు’ అని కుదించి చెప్పడం ఊళ్లోవాళ్ల అలవాటు, నాది కాదు. మా కొడకండ్లలో ఒకామె అయితే చాటలో బియ్యం పోసుకుని వచ్చింది, తన అల్లుడి మనసులో ఏముందో చెప్పమని. సోది చెప్పే చదువు అనుకుంది. బియ్యంతో సహా వెనక్కి పంపాను.

మొదటి ఏడు అయింది. రెండో ఏడు మహబూబాబాద్ దవాఖానలో, మా మాటలో మానుకోట దవాఖానలో, పెద్ద డాక్టరమ్మ దగ్గర పని నేర్చుకోవాలి. ఇంకో రెండు వారాల్లో, సోమవారం నుంచి పోవాలనగా భూపాలపల్లిలో మా అన్న పోయాడు. దినాలయ్యాక వదినను మా ఇంటికి నిద్రకు తెచ్చుకున్నాం. చావు జరిగిన ఇంటి మనిషిని చుట్టాలు ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టుకుని, వండిపెట్టి, తెల్లారి బట్టలు పెట్టి పంపడం మా దగ్గర ఆనవాయితీ.

పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏడ్వకు, పిల్లల మొఖం చూసి ధైర్యంగుండు." వదిన తలూపేది. ముద్ద మాత్రం మింగేది కాదు.

సాయంత్రం మనుమరాలు పోయి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది.

"నీ చదువేందో జర చూపియ్యి," అన్నాను.

"మన ఇంటోళ్లకు చెయ్యద్దు బాపమ్మా, అది పద్ధతి కాదు. ఊకెనే కూసుంటా."

ఊరికే కూర్చుంది. ఏడవొద్దని అనలేదు. చాలాసేపటికి వదిన ఏడ్చింది, ఆ తర్వాత మాట్లాడింది. వంటింట్లో ఉన్న నాకు మాటలు వినపడలేదు. ఆ పూట వదిన అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

తెల్లారి తల్లిని తీసుకుపోవడానికి మా మేనల్లుడు కిరాయి కారులో వచ్చాడు. చెల్పూరు కరెంటు ప్లాంటులో నౌకరీ అతనికి. చాయ తాగుతూ మనుమరాలిని అడిగాడు.

"ఏం కోడలా, మా అవ్వ నీతోని మస్తు ముచ్చట పెట్టిందట. ఏం చెప్పింది? నా మీదనేనా?"

"అమ్మమ్మ మాట అమ్మమ్మదే మామా. నేను చెప్ప."

"నేను కొడుకును!"

"అందుకే ఆమెనే అడుగు."

అతను గ్లాసు కింద పెట్టి నా కొడుకు వైపు తిరిగాడు. "ఇంట్ల మనిషికే దాస్తాంది బావా నీ బిడ్డ. గిదేం చదువు? రేపు అత్తగారింట్ల గూడ గిట్లనే మూతి ముడిస్తే ఎవడు భరిస్తడు?"

నా కొడుక్కి తల కొట్టేసినట్టయింది. "చెప్తవా లేదా? చెప్పకుంటే సోమవారం మానుకోట లేదు, ఏం లేదు. చదువు బంద్."

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆ ఒక్క మాట చెప్పేస్తే చదువు నిలబడేది. కానీ ఇంట్లో గదమాయిస్తే చెప్పేసే మనిషి ముందు రేపు దవాఖానలో ఎవరు మనసు విప్పుతారు?

నేను లేచాను.

"మీ నాయిన పోయినకాన్నుంచి మీ అవ్వ పక్కన ఎన్నడన్న కూసున్నవారా?"

"వచ్చేటోళ్లు, పోయేటోళ్లు... పనులుండె గదా అత్తా."

"ఇయ్యాల కారుల డ్రైవర్ పక్కన కాదు, అవ్వ పక్కన కూసో. చెప్పాలనిపిస్తే ఆమెనే చెప్తది."

తర్వాత కొడుకు వైపు తిరిగాను. "నువ్వు ఎవరిని అడిగి బంద్ అన్నవు?"

"నీకు తెల్వదు అవ్వా..."

"తెల్వదు. రెండో తరగతి దాన్ని. తెలిసినదాన్నన్న చదవనియ్యి. సబ్బుబిళ్ల అరిగి కరిగేదాక వాడిచ్చేదాన్ని, సగం చదివిన చదువును పారేయనిస్తనా?"

వదిన లోపలి నుంచి సంచీతో వచ్చింది. అన్నీ వినే ఉంటుంది. కారు ఎక్కి, కొడుక్కి తన పక్క సీటు చూపించింది. అతను ఎక్కాడు.

సోమవారం నా కొడుకు బస్టాండు దాకా దించనన్నాడు. ఇద్దరం నడిచే పోయాం. బస్సులో పిల్ల నా పక్కనే ఉంది. వదిన ఏం చెప్పిందో నాకూ తెలుసుకోవాలనే ఉంది. అడగలేదు. తెలియకుండానే పోతానేమో, పోనీ.

దవాఖానలో బల్ల మీద పక్కనామె అడిగింది: "ఏం బీమారి అవ్వా?"

"నాకేం లేదు. మా మనుమరాలు ఈడ పని నేర్చుకుంటాంది."

"పిచ్చోళ్ల దగ్గరనా?"

నేను చదువు పేరు మొత్తం చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి కొడుకు గడప మీద ఉన్నాడు. "రేపు గూడ పోతదా?" అన్నాడు.

"పోతది. రేపు నువ్వే బండి మీద దించు, నా మోకాళ్లు నొస్తున్నయి."