ఎస్తేరు స్తోత్రం చెప్పలేదు

ఉదయగిరి కోటకి దారి అడిగేవాళ్లకి దారి చెప్తాను గానీ, తొంభైల చివర్లో నేను వెళ్లింది కోట కోసం కాదు, ఎస్తేరు కోసం. ఆఫ్రికాలో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఉదయగిరి అమ్మాయి ఆమె. తుపాకుల ముఠా ఒకటి ఆ ఆసుపత్రి మీద పడి ఎస్తేరుతో సహా ఆడపిల్లల్ని ఎత్తుకుపోయింది. కొందర్ని తమలో తాము పంచుకున్నారు, మిగిలినవాళ్లని అమ్ముకున్నారు. ఎస్తేరు పారిపోయి ఇల్లు చేరింది. తర్వాత ఆ ముఠా నాయకుణ్ణి అంతర్జాతీయ నేర విచారణ కోర్టులో నిలబెట్టారు. హత్యలకి సాక్షులున్నారు, ఆడవాళ్లకి జరిగినదానికి మాత్రం లేరు. ఎస్తేరు రాకపోతే ఆ నేరం కేసులోంచే పోతుంది. ఆమెని అడిగే పని నెల్లూరు వకీలునైన నా నెత్తిన పడింది.

పొద్దున నెల్లూరులో ఆరింటి బస్సెక్కి ఆత్మకూరు చేరేసరికి ఎనిమిదయింది. ఉదయగిరి బస్సు పోయిందేమోనని నేను హడావిడి పడుతుంటే ఇడ్లీలమ్మే ఆవిడ నవ్వింది. "యాడికి పోతాది? డ్రైవరు నా కాడే తింటా ఉండాడు. నువ్వూ కూర్చో." అక్కణ్ణుంచి టికెట్టు పదిహేను రూపాయలు, దారంతా ఎండిన చేలూ గొర్రెల మందలూ.

ఇంట్లో ముందు మాట్లాడింది ఎస్తేరు నాయన, చర్చిలో సంఘ పెద్ద. "ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పు మే అంటే చెప్పదు. దేవుడు కాపాడినాడని చెప్పడానికి ఏంది కష్టం? ఈడే నోరు తెరవంది పరాయి దేశంలో ఏం చెప్తాది?"

నాకు ఒళ్లు మండింది. పెద్దాయనని ఏమంటాం! ఎస్తేరు నాకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేను తెలిసినదంతా ఏకరువు పెట్టాను: పేరు బయటికి రాదు, తెర వెనక కూర్చోవచ్చు, వాడి మొహం చూడక్కర్లేదు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది. ఆఖరి బస్సు కూడా వెళ్లిపోయింది.

దీపాలు పెట్టే వేళకి ఆమే అడిగింది. "మేడం, ఆడ కోర్టులో కడాన స్తోత్రం చెప్పాలా?"

నాకు అర్థం కాలేదు.

"మా గుళ్లో సాక్ష్యం ఏదైనా దేవునికి స్తోత్రం అనే ముగించాల. నాతో పాటు వాళ్లు ఎత్తుకుపోయిన పిల్ల ఇంకా ఆడే ఉండాది మేడం. నన్ను కాపాడినాడంటే, దాన్ని వదిలేసినాడని చెప్పినట్టే గదా? ఎట్ట చెప్పేది?"

"అక్కర్లేదమ్మా. జరిగింది చెప్పి ఆపేయొచ్చు."

"అయితే వస్తా."

గుమ్మంలో కూర్చుని వింటున్న వాళ్ల నాయన తువ్వాలు మొహాన కప్పుకుని ఏడ్చాడు.

ఎస్తేరు వెళ్లింది, చెప్పింది. తీర్పులో ఆ నేరం నిలిచింది. ఆ పిల్ల మాత్రం దొరకలేదు. తెర గురించీ పేరు గురించీ గంటలకొద్దీ చెప్పాను గానీ, ఆమెకి కావలసింది అది కాదు. బతికి వచ్చినందుకు సంతోషించమని అడగకుండా వినేవాళ్లు కావాలి.

ఒక్క మాట. ఉదయగిరి నుంచి నెల్లూరుకి ఆఖరి బస్సు పెందలాడే పోతుంది. కోట చూడ్డానికైతే మధ్యాహ్నానికే కొండ దిగిపోండి. ఎవరినైనా ఇలాంటి మాట అడగడానికి వెళ్తే, ఆ బస్సు పోనివ్వండి.