రెస్పెక్టివ్లీ అంటే గౌరవం కాదు

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో నేను కొలతలు చూస్తాను. చదివింది ఏడో తరగతే. ఒకరోజు ఇంగ్లిషులో ఆర్డరు వచ్చింది. ఎరుపు, పచ్చ, నీలం చీరలకు అంచు ‘రెస్పెక్టివ్లీ’ మూడు, నాలుగు, ఐదు అంగుళాలు అని ఉంది.

“రెస్పెక్ట్ అంటే గౌరవం. మర్యాదకు రాసిండ్రు. ప్రతి రంగుల మూడు అంచులూ నేయాలె,” అన్నాడు కుర్ర మేనేజరు.

“కాదు సార్, ఎరుపుకు మూడు, పచ్చకు నాలుగు, నీలానికి ఐదు. తప్పు నేస్తే చీరలు వాపసొస్తయి.”

“ఏడో తరగతోడివి, నాకు ఇంగ్లిష్ చెప్తవా?”

అందరూ నవ్వారు. అయినా నేను తగ్గలేదు. మా అమ్మాయి ఇంగ్లిషు లెక్కల పుస్తకాన్ని తెలుగు పుస్తకంతో పోల్చి అంతకుముందే చదివాను. ఆ మాట ఉన్నచోటల్లా తెలుగులో ‘వరుసగా’ అని ఉంది.

మేనేజరు విసుక్కుంటూ ఆర్డరు పంపిన షావుకారికి ఫోన్ చేశాడు. ఆయనా నా మాటే చెప్పాడు.

“జర ఆర్డరుల గీ రెండో కాయితం గూడ చూడు, అన్నా.”

నాలుగేళ్లలో మేనేజరు నన్ను అన్నా అనడం అదే మొదటిసారి.