ఓబయ్య మల్ల నెయ్యమన్నడు

చౌటుప్పల్ సాలెవాడలో సిద్దయ్యకు తనవని చెప్పుకోవడానికి ఒక మగ్గం, ఒక పెళ్లాం, ఒక పేరు ఉండేవి. మొదటి రెండూ వాడలో చాలామందికి ఉన్నవే. పేరు మాత్రం ఆయనొక్కడిదే. సిద్దయ్య నేసిన బట్టను, కొనుక్కుపోయే ఏ సేటూ ఇప్పటిదాకా "మల్ల నెయ్యి" అనలేదు.

ఆ వాడలో "మల్ల నెయ్యి" అంటే మామూలు మాట కాదు. నేతలో తప్పు పడిందని అర్థం. ఆ మాట పడ్డవాడు నేసిన దారాన్ని పోగు వెంట పోగు ఊడదీసి, మళ్లీ మొదటినుంచి నేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకూ, కల్లు తాగి మగ్గం గుంటలోకి దిగేవాళ్లకూ అది పడుతుండేది. సిద్దయ్య బావమరిది లచ్చయ్యకు పెళ్లయిన కొత్తలో ఒకసారి పడింది. అప్పటినుంచి సిద్దయ్య ఆ సంగతి ఎత్తి లచ్చయ్యను ఓదారుస్తూనే ఉన్నాడు. పెళ్లి పందిట్లో ఓదార్చాడు, చావింటి ముందు ఓదార్చాడు, బీడీకి నిప్పడిగినా ఓదార్చాడు. తన బట్ట సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

అరవై ఆరులో, చలి తగ్గుతున్న రోజుల్లో, సర్కారు ప్రచార శాఖ గుమాస్తా పానకాలరావు వాడకు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి.

"ఏవండీ సిద్దయ్యగారూ, ఐర్లండని ఒక దేశం ఉందండీ. అక్కణ్ణుంచి సినిమా తీసే కంపెనీవాళ్లు వస్తున్నారు. వాళ్ల ఊళ్లో టెలివిజనని బొమ్మలు కనబడే పెట్టె ఉంటుంది. అందులో మీ నేత చూపిస్తారట. పెద్ద కంపెనీ కాదులెండి, ఇండిపెండెంటు కంపెనీ."

అరుగు మీద కూర్చున్న లచ్చయ్య చెవులు రిక్కించాడు. "ఇండిపెండెంటా? గుర్తేం పడ్డది సారూ? తరాజా, సైకిలా?"

"ఓట్లు కాదండీ బాబూ! ఎవరి కిందా పనిచేయరని అర్థం."

"మొన్న మా దిక్కు నిలవడ్డాయిన గూడ గట్లనే అన్నడు. డిపాజిట్ గూడ దక్కలె."

ఆ ఇండిపెండెంటు కంపెనీ మొత్తం ఒక కిరాయి జీపులో పట్టింది. కెమెరా మనిషి ఒకడు, మాటలు పట్టే డబ్బా మోసే అమ్మాయి ఒకతె, వాళ్లిద్దరి మీదా పెత్తనం చేసే ఓబ్రయన్ అనే ఆయన. వాడ నోటికి ఆ పేరు తిరగలేదు. మధ్యాహ్నానికల్లా ఆయన ఓబయ్య అయిపోయాడు. ఎవరో "ఇంగ్లీషు దొర" అంటే ఆయన ఎర్రటి మొహం ఇంకా ఎర్రబడింది.

"అలా అనకూడదమ్మా. ఆ ఇంగ్లీషువాళ్లను మనకన్నా ముందే వెళ్లగొట్టారట వీళ్లు," అన్నాడు పానకాలరావు.

సిద్దయ్య భార్య ఆండాళు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఎల్లగొట్టినంక గూడ గా భాషనే మాట్లాడవట్టిరి గదా!"

పానకాలరావు దాన్ని ఓబయ్యకు చెప్పలేదు.

సిద్దయ్య నున్నగా గడ్డం గీయించుకుని, లచ్చయ్యను బతిమాలి తెచ్చుకున్న టెర్లిన్ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఓబయ్య దాన్ని విప్పమన్నాడు. గోడ గడియారం తీయించాడు. ఆండాళు తళతళా తోమి పేర్చిన ఇత్తడి బిందెలు పక్కింటికి చేర్పించాడు. తీయించగా తీయించగా ఆ ఇల్లు ఆయనకు కావలసినంత బీదదయ్యాక, కెమెరా తిరిగింది.

సిద్దయ్య గుంటలోకి దిగి, పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరాడు. చేయి, కాలు కలిసి నడిచాయి. అరుగు మీద, కిటికీ దగ్గర, గడపలో వాడంతా నిలబడి చూస్తోంది. ఓబయ్య చేయెత్తి ఏదో అన్నాడు.

"మళ్లీ నేయండి సిద్దయ్యగారూ," అన్నాడు పానకాలరావు.

సిద్దయ్య చేయి గాలిలోనే ఆగిపోయింది. వంగి బట్ట చూసుకున్నాడు. ఏమీ కనబడలేదు. పరదేశం నుంచి వచ్చిన మనుషులు, ఏదో చూసే ఉంటారనుకున్నాడు. పళ్లు బిగించి, నేసిందంతా ఊడదీసి, మళ్లీ నేశాడు.

"మళ్లీ నేయండి."

ఊడదీశాడు, నేశాడు. ఇంకోసారీ అదే మాట. కిటికీ దగ్గర గుసగుసలు లేచాయి. ఇన్నేళ్ల బాకీ తీర్చుకునే వేళ వచ్చిందని లచ్చయ్యకు అర్థమైంది.

"బావా, పొద్దుగాల్లకెల్లి బట్ట బెత్తెడు పెరగలె. పోనీ, నేను దిగాల్నా గుంటలకు?"

"నోర్ముయ్ రా తమ్మీ!" అని తమ్ముణ్ణి కసిరి, ఆండాళు మొగుడి చెవి దగ్గరికి వంగింది. "ఏమైందయ్యా? కండ్లు మసకలొచ్చినయా?"

లచ్చయ్య మాటకన్నా ఆ మాట ఎక్కువ తగిలింది. సిద్దయ్య నాడె పక్కన పెట్టి గుంటలోంచి బయటికొచ్చాడు.

"సారూ, తప్పేడుందో చూపియ్యమనుండ్రి. చూపిస్తే గీ మగ్గం లచ్చయ్యకిచ్చి, నేను ఆయిన దగ్గర దారం చుట్టుకుంట బతుకుత."

పానకాలరావు బిత్తరపోయాడు. "తప్పేముందండీ? ఒకసారి మేక అరిచింది. ఒకసారి మబ్బు పట్టింది. ఒకసారి ఈయనే కెమెరా మూత తీయించడం మరిచాడు."

"గట్లయితే మేకను మల్ల అరువుమనాలె, మూత మల్ల తియ్యాలె. నన్ను మల్ల నెయ్యమనుడేంది, నేను ఊడదీసుడేంది?"

"ఊడదీశారా! ఎవరు తీయమన్నారండీ?"

"మీరే గదా మల్ల నెయ్యమంటిరి!"

పానకాలరావు తల పట్టుకుని, జరిగిందంతా ఓబయ్యకు ఇంగ్లీషులో చెప్పాడు. సిగ్గుపడతాడనుకుంటే, ఓబయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"సిద్దయ్యగారూ, నేసేది చాలటండీ. ఇప్పుడు మీరు ఊడదీసేది సినిమా తీస్తారట."

సిద్దయ్య కెమెరా వైపు చూశాడు. వాడలో పోయిన పరువైతే రేపు అరుగు మీద కూర్చుని సర్దుకోవచ్చు. ఐర్లండులో ఎవరు సర్దుతారు? చేయని తప్పుకు ఊరూ పేరూ తెలియని జనం ముందు పెట్టెలో కూర్చుని ఊడదీస్తూనే ఉండాలి. పోనీ వద్దందామంటే, తప్పు దాస్తున్నాడనడానికి లచ్చయ్య నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

చివరికి ఆ అమ్మాయి చేతిలోని డబ్బా వైపు చూపించాడు. "అండ్ల మాటలు పడుతయా?"

"పడతాయండీ."

"అయితే ఊడదీస్త. గనీ రెండు మాటలు చెప్పుకుంట ఊడదీస్త."

గుంటలోకి దిగాడు. కెమెరా తిరిగింది. ఒక్కొక్క పోగే లాగుతూ, పెట్టెలోంచి తనను చూడబోయేవాళ్లకు వినబడాలన్నట్టు గొంతు పెంచాడు.

"ఐర్లండు పెద్దమనుషులకు చౌటుప్పల్ సిద్దయ్య దండం వెట్టి చెప్పుకునేదేందంటే, గీ బట్టల తప్పు లేదు. తప్పు మేకది, మబ్బుది, మీ ఓబయ్యది. మీ మనిషి అడిగిండని తీస్తున్న గనీ, నా నేతకు వంకవెట్టేటోడు ఇంకా పుట్టలె. తప్పుడు నేత చూడాల్నని మీకు మనసయితే మా బావమరిది ఇల్లు పక్కపొంటే ఉన్నది. ఎప్పుడన్న రావచ్చు."

వాడంతా గొల్లుమంది. లచ్చయ్య తన టెర్లిన్ చొక్కా చంకన పెట్టుకుని జనం వెనక్కి జరిగాడు.

ఓబయ్యకు ఆ గొంతులోని బరువు తెలిసింది గానీ మాట తెలియలేదు. చెమర్చిన కళ్లతో పానకాలరావు వైపు తిరిగాడు. పానకాలరావు ఒక్క క్షణం తన కొలువునూ, పై అధికారినీ తలచుకున్నాడు. నేయడం, విప్పడం, మళ్లీ నేయడం, మనిషి బతుకంతా ఇంతేనని ఈ ముసలాయన అంటున్నాడని మంచి ఇంగ్లీషులో మనవి చేశాడు. ఓబయ్య రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని సిద్దయ్యకు తల వంచాడు.

సిద్దయ్య గుంటలోంచే తలెత్తాడు. "సారూ, అంత చెప్పిన్రా?"

"చెప్పానండీ."

"ఏమంటడు? మల్లనంటడా?"

"లేదండీ. ఇక చాలంటున్నారు."

"చాలంటడు మరి," అన్నాడు సిద్దయ్య, ఆండాళు వైపు చూస్తూ. "గంత సాఫ్‌గ చెప్పినంక మల్ల అనెటందుకు నోరెట్లొస్తది?"

అని నాడె అందుకున్నాడు.