సింహాచలం కొండెక్కిన బ్యాటరీ కారు

మా బావకి కారు లేదు. ఎప్పుడూ లేదు. పోర్టుకి సైకిలు మీద వెళ్ళేవాడు, సైకిలు మీదే వచ్చేవాడు. అలాంటి మనిషికి డెబ్బైల్లో ఓ కార్ల కంపెనీ ఉండేది. అందులో ఆయనగారి వాటా ఎంతో నాకు తెలుసు కాబట్టి నవ్వొచ్చేది. అదెక్కడి డబ్బో కూడా తెలుసు కాబట్టి ఒళ్ళు మండేది.

బావంటే మా ఆయనే. మేనమామ కొడుకు. పెళ్ళికి ముందు బావా అని పిలిచేదాన్ని, తరవాతా అదే నోటికొచ్చేది. పోర్టులో క్రేన్లకి కరెంటు పని చేసేవాడు. కరెంటంటే ఆయనకి భక్తి. రైల్వే ప్లాట్‌ఫారం మీద పార్సిళ్ళు లాగే బ్యాటరీ బండి కనిపిస్తే చాలు, వచ్చిన పని మర్చిపోయి దాని పక్కనే నడిచేవాడు. ఓసారి అలా నడుస్తూ ఉండగా మేం ఎక్కాల్సిన పాసింజరు కదిలిపోయింది. సంచీ పట్టుకుని నేను అరుస్తుంటే, "సప్పుడు లేకుండా ఎంత బరువు లాగుతోందో సూసేవా" అన్నాడు, వెళ్ళిపోతున్న రైలుకి వీపు పెట్టి.

పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగిన రోజులవి. ఆ అదనులో మద్రాసు నుంచి ఓ ఇంజినీరు గారు మా ఊరొచ్చి, కంచరపాలెం అవతల రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నారు. బ్యాటరీతో నడిచే చిన్న కారు తయారు చేస్తారట. పెట్రోలు అక్కర్లేదు, పొగ ఉండదు, ఇంట్లో దీపానికి పెట్టినట్టు ప్లగ్గు పెట్టుకుంటే సరి. పెద్ద షావుకార్లు ఎవరూ నమ్మలేదు. అందుకని చిన్నవాళ్ళని పట్టుకున్నారు. ఆ చిన్నవాళ్ళలో మొదటివాడు మా బావ.

ఒక మాట చెప్పాలి. ఆ ఇంజినీరు గారు మోసగాడైతే నాకు ప్రాణం సుఖంగా ఉండేది, కసితీరా తిట్టుకునేదాన్ని. ఆయన మోసగాడు కాదు. మాసిన చొక్కా, నాలుగు రోజుల గడ్డం, మాట్లాడితే ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడేవారు. మా ఇంటికొస్తే, "అమ్మా, ఈ వ్యాపారంలో నష్టం కూడా రావచ్చు" అని నాతో తనే చెప్పేవారు. పక్కనే కూచున్న మా బావకి ఆ ముక్క మాత్రం చెవిన పడేది కాదు.

అప్పుడు మేం పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఓ సాయిబు గారి మేడ మీద అద్దెకుండేవాళ్ళం. ఆయనకి మార్కెట్లో ట్రంకు పెట్టెల కొట్టు ఉంది. రేకు పనిలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. మా బావ ఆయన్నీ లాక్కెళ్ళి కంపెనీలో కూచోబెట్టాడు. డబ్బుకి బదులు కారు బాడీ చేసిపెట్టండి, అదే మీ వాటా అన్నారు. ఆయన తనకొచ్చిన పద్ధతిలోనే చేశారు. తలుపులకి ట్రంకు పెట్టె గొళ్ళేలు పెట్టారు. నీలం రంగు వేసి, చెయ్యి ఊరుకోక వెనకాల ఎర్ర గులాబీ కూడా వేశారు. ఇంజినీరు గారు గులాబీ వద్దన్నారు గానీ వాటాదార్లందరికీ నచ్చింది. పెళ్ళికూతురి పెట్టెకి చక్రాలొచ్చినట్టుంది అని నేనంటే మా బావ ఒక పూట నాతో మాట్లాడలేదు.

వాటాదార్ల మీటింగంటే ఏమిటో అనుకునేరు. కింద సాయిబు గారి వరండాలో చాపలు, ఆయన భార్య చేసిన టీ, పైన నా వంటింట్లోంచి ఉప్మా. ఆదివారం పొద్దున్న పదిమంది వచ్చేవారు. రేవులో పడవున్నాయన ఒకరు, బడిపంతులు ఒకరు, మిగతావాళ్ళు పోర్టు వాళ్ళు. ఇంజినీరు గారు ప్రగతి చెప్పేవారు. మోటారు వచ్చింది, కంట్రోలరు రాలేదు. కంట్రోలరు వచ్చింది, బ్యాటరీలు బరువెక్కువయ్యాయి. ప్రగతి ఏదైనా సరే, నా బొంబాయి రవ్వ డబ్బా మాత్రం ఖాళీ అయ్యేది.

ఆయన చెప్పింది ఒకటైతే మావాళ్ళు విన్నది ఇంకొకటి. ఆయన ఊళ్ళో డాక్టర్లు నలుగురు కొనవచ్చు అంటే, వీళ్ళు మా ఊరికి వస్తుందంటున్న ఉక్కు ఫ్యాక్టరీ దాకా వెళ్ళిపోయేవారు.

"ఫ్యాక్టరీ వచ్చీసిందనుకో, క్వార్టర్లు ఎన్నుంటాయి? ఒక్కో క్వార్టరుకీ ఒక్కో బండి. మనం సేసి ఇవ్వలేక సావాల," అన్నాడు మా బావ రాత్రి అన్నం తింటూ.

"ఫ్యాక్టరీ వచ్చిందేటి?"

"వత్తాది."

"మరి కారు అయ్యిందేటి?"

"అవుతాది."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అదే అన్నాను. పప్పు బాగుందన్నాడు. ఈ మనిషితో ఏం వాదిస్తాం?

నా బాధ కారు గురించి కాదు. పెందుర్తిలో మా నాన్న జీడితోట అమ్ముకుంటూ, రోడ్డు వైపు ఓ ముక్క నాకు పసుపు కుంకుమ కింద నా పేరున రాశాడు. అప్పట్లో అక్కడ పాములూ, తుప్పలూ తప్ప ఏమీ లేవు. అయినా దాని మీద రెండు గదులు వేసుకోవాలని నాకు ప్రాణం. వీధి కుళాయి దగ్గర నిలబడి, బిందె చంకనేసుకుని ఆ ఇరుకు మెట్లెక్కిన ప్రతిసారీ ఆ ముక్కే తలుచుకునేదాన్ని. కంపెనీకి డబ్బు చాలటం లేదన్నప్పుడల్లా మా బావ కళ్ళు గాల్లో ఎటో వెళ్ళేవి. పెందుర్తి వైపే వెళ్తున్నాయని నాకు తెలుసు. మొదటి వాటాకి నా గొలుసు పోయింది, ఊరుకున్నాను. సైటు జోలికొస్తే ఊరుకునేది లేదని మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను.

చివరికి కారు తయారైంది. నిజంగానే నడిచింది. బీచ్ రోడ్డు మీద చప్పుడు లేకుండా పోతుంటే జనం ఆగి చూశారు. నేనూ చూశాను. అబద్ధమెందుకు, బాగుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మా వైపు కొత్త బండి కొన్నవాడెవడైనా ముందు సింహాచలం కొండకి తీసుకెళ్తాడు. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు నలిగితేనే అది బండి. ఇంజినీరు గారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "ఇది చదును రోడ్డు మీద తిరిగే బండండీ. ఘాట్ రోడ్డు ఎక్కించకండి. కావాలంటే కొండ కింద పూజ చేయిద్దాం."

"కొండెక్కని బండి బండేటండీ?" అన్నారు పడవాయన. "రేపు కొనీవోళ్ళు మొదట అదే అడుగుతారు."

సాయిబు గారు కూడా, "మేం కొత్త సరుకు దర్గాలో చూపించకుండా అమ్మం కదండీ, మరి దీనికీ ఒక పద్ధతుంటుంది" అన్నారు. ఇంజినీరు గారు వెళ్ళి బ్యాటరీల్లో నీళ్ళు చూసుకున్నారు.

పోనీ ఒక్క డ్రైవరుతో ఎక్కించారా అంటే అదీ లేదు. కొత్త బండి మొదటిసారి కొండెక్కేటప్పుడు ఇంటిల్లిపాదీ అందులోనే ఎక్కాలి, అది రివాజు. మరి ఈ బండికి ఇల్లు ఒకటా? వాటా ఉన్న ప్రతివాడూ అది తన బండే అనుకున్నాడు. నలుగురు పట్టేదాంట్లో తొమ్మిదిమంది కూరుకున్నారు, కొబ్బరికాయల బస్తాతో సహా. నాకూ ఓ మూల చోటిచ్చారు. గొళ్ళెం నా మోచేతికి గుచ్చుకుంటూనే ఉంది. మిగతావాళ్ళు వెనక బస్సులో వచ్చారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. మా ప్రయాణం అలా మొదలైంది.

మొదటి మలుపు బాగానే ఎక్కింది. రెండో మలుపులో నడక మెట్ల మీద పోయే ముసలమ్మలు మాకన్నా ముందుకెళ్ళారు. మూడో మలుపులో మూలిగి ఆగిపోయింది. నడుపుతున్న ఇంజినీరు గారు దిగి, చక్రం కింద రాయి పెట్టి, గట్టు మీద తల పట్టుకుని కూచున్నారు. వెనక్కి దింపేద్దామన్నారు. కొత్త బండి కొండ సగంలోంచి తిరిగితే అరిష్టమని బడిపంతులు గారన్నారు. అంతే, అందరూ పంచెలు ఎగ్గట్టి తోయడం మొదలెట్టారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడిచాను. ఎదురొచ్చిన వాళ్ళంతా, "గోవిందా" అంటూ తలో చెయ్యి వేశారు. గులాబీ పువ్వు మీద అన్నీ చేతి ముద్రలే.

తోసి తోసి పైకి చేర్చారు. పూజ అయింది, నిమ్మకాయలు నలిగాయి. దిగేటప్పుడు మరి కరెంటుతో పనేముంది? బ్రేకు మీద కాలుపెట్టి వదిలితే హాయిగా జారుతూ వచ్చింది. మా బావ మొహం చూడాలి.

"సూసేవా, బ్యాటరీ కూడా తినకుండా వచ్చీసింది," అన్నాడు నాతో.

ఈ మనిషిని ఏ మట్టితో చేశాడో ఆ దేవుడు అనుకున్నాను.

కొండ కింద టీ కొట్టు దగ్గర అందరూ చేరారు. కారు ఎక్కలేదు కాబట్టి బుద్ధొచ్చి ఉంటుందని నేననుకున్నాను. జరిగింది దానికి సరిగ్గా ఎదురు. అందరి భుజాలూ నొప్పిగా ఉన్నాయి, అందరి బట్టలకీ మట్టి అంటుకుంది. తోసినవాడికి ఆ బండి మీద ముందుకన్నా ప్రేమ పుట్టుకొచ్చింది. దేవుడు పరీక్ష పెట్టాడు, నెగ్గాం అన్నాడొకడు. పెద్ద మోటారు వేయిస్తే ఇక తిరుగుండదన్నాడు ఇంకొకడు. పడవాయన అక్కడికక్కడే ఇంకో వాటా అన్నారు. ఇంజినీరు గారు వద్దు, ముందు ఆలోచించుకోండి అంటూనే ఉన్నారు. వినేవాడేడీ?

అప్పుడు మా బావ లేచి నిలబడ్డాడు. చెంపకి గ్రీజు.

"పెందుర్తిలో మాదో సైటుంది. దాన్ని అమ్మీసి మొత్తం ఇందులో ఎట్టేత్తాను. పెద్ద మోటారు నాది," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. సాయిబు గారు వచ్చి కౌగిలించుకున్నారు. నాతో ఒక్క మాట లేదు. ఒక్క మాట.

"అది మాది కాదు. నాది," అన్నాను. "మా నాన్న నాకిచ్చింది. నాను సంతకం ఎట్టను."

టీ కొట్టువాడు కూడా గ్లాసులు కడగడం ఆపాడు. మా బావ నావైపు చూడలేదు, కారు వైపు చూశాడు. పడవాయన, "ఆడోళ్ళకి భయాలుంటాయి బావా, ఇంటికెళ్ళి సెప్పుకుందువుగాని" అన్నారు. మా బావ తల అడ్డంగా ఊపి, "అక్కర్లేదు. ఆయమ్మి సెప్పేసింది కదా" అని వెళ్ళి బస్సులో కూచున్నాడు. ఇంటికెళ్ళాక గొడవ పడతాడనుకున్నాను. ఎదురుచూశాను కూడా. పడలేదు. ఆ విషయం మళ్ళీ ఎత్తనేలేదు.

కంపెనీ ఆ తరవాత కొన్నాళ్ళు ఈడ్చుకొచ్చింది. బ్యాటరీలు నింపుదామంటే కరెంటు కోత. కరెంటున్ననాడు ఉప్పు గాలికి తీగల కొసలు పచ్చగా చిలుం పట్టేవి. సాయిబు గారి రేకు అడుగునుంచి తుప్పెక్కింది. ఈలోగా జనం పెట్రోలు ధరకి అలవాటు పడిపోయారు. పెద్ద మోటారు రానేలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, నా సైటు కూడా ఆ షెడ్డులో తుప్పు పట్టేది. షెడ్డు ఖాళీ చేసిన రోజు ఇంజినీరు గారు ప్రతి వాటాదారు ఇంటికీ తనే వెళ్ళి చెప్పారు. మా మెట్ల మీద నిలబడి నాకు నమస్కారం పెట్టారు. మా బావ ఆయన్ని రైలెక్కించి వచ్చి, ఆ పూట అన్నం తినలేదు.

ఎనభైల్లో పోర్టు లోను తీసుకుని పెందుర్తిలో ఇల్లు కట్టాం. అప్పటికి అక్కడ కాలనీలు లేస్తున్నాయి. గృహప్రవేశం నాడు ఆయన స్నేహితుడు ఇల్లంతా తిరిగి, "బాగా కట్టేవు బావా" అన్నాడు.

"నాదేటుంది, మా ఆవిడిది," అన్నాడు మా బావ.

అందరూ నవ్వారు. పెళ్ళాన్ని ఎంత గౌరవిస్తున్నాడో అని మా పిన్ని మురిసింది. నేనూ నవ్వాను, ఆ ఒక్కసారికి. తరవాత గానీ అర్థం కాలేదు, అది సరసం కాదని. సున్నం ఏ రంగంటే నీ ఇల్లు, నీ ఇష్టం. అద్దెకిద్దామా అంటే నీ ఇల్లు, నీ ఇష్టం. లోను కోత పడేది ఆయన జీతంలోనే. మేకు కొట్టాలన్నా నన్నడిగి కొట్టేవాడు. విసుక్కునేదాన్ని, అరిచేదాన్ని, బతిమాలేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఓ వానాకాలం వంటింటి కప్పు కారింది. మేస్త్రీని పిలవమని పొద్దున్నుంచీ చెప్తున్నాను. ఆయన పేపరు మడిచి, "నీ ఇల్లు, నువ్వెవల్ని పిలవమంటే ఆళ్ళనే పిలుస్తాను. పేరు సెప్పు" అన్నాడు. కింద గిన్నె పెట్టి వస్తున్న నాకు ఇన్నేళ్ళదీ పైకొచ్చింది.

"అమ్మీ బావా. ఈ దిక్కుమాలిన ఇల్లు అమ్మీ. రేపే వస్తాను, ఎక్కడ ఎట్టమంటే అక్కడ ఎడతాను సంతకం. నీకు గావాల్సింది అదే కదా?"

ఆయన నావైపే చూశాడు. ఆనాడు కొండ కింద టీ కొట్టు దగ్గర నావైపు చూడని చూపు అది.

"ఇప్పుడమ్మి ఆ డబ్బు ఎవలికిస్తానే?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.